ఎర్రచందనపు వంశసంపద

ఎర్రచందనమును గూర్చి మన పత్రికలలో వెలువడు వార్తలన్నియు దాదాపు ఒకే మూసలో పోసినట్లుండును. ఫలానా కనుమ దిగువను లారీ పట్టుబడినదనియు, దానిలో ఇన్ని దుంగలున్నవనియు, వాని వెల ఇన్ని కోట్లనియు, కూలీలు ఇంతమంది దొరకగా వారిని పంపినవారు దొరకలేదనియు మనము ఏండ్ల తరబడి చదువుచున్నాము. ఈ వార్తలు అసత్యములు కావు. అడవులలో రాత్రింబవళ్లు తిరుగుచు అటవీశాఖవారు చేయు కార్యమును తక్కువ చేయుట నా ఉద్దేశమును కాదు. ఐనను, ఒక మహావృక్షము నరకబడి, బెరడు చెక్కబడి, దుంగయై, టన్నులలో తూచబడిన పిమ్మటగాని మన దృష్టికి రాకపోవుట యోచింపదగిన విషయము. ఆ దుంగ ఏ కొండది, ఆ చెట్టు ఎన్ని ఏండ్లు విత్తనము రాల్చినది, దానితోపాటు ఏ వంశలక్షణములు ఆ కొండనుండి తొలగిపోయినవి, మిగిలిన చెట్లలో అవి కలవో లేవో అను ప్రశ్నలకు పట్టుబడిన సరకు లెక్కలో చోటు లేదు. సంరక్షణ జన్యుశాస్త్రమను విజ్ఞానశాఖ అడుగునవి సరిగా ఈ ప్రశ్నలే. ఎర్రచందనపు భవితవ్యము చెట్ల సంఖ్యపైకన్న ఈ ప్రశ్నలకు మనము తెచ్చుకొనబోవు సమాధానములపైననే ఎక్కువగా ఆధారపడియున్నదని నా దృఢవిశ్వాసము.

తూర్పు కనుమల దక్షిణభాగమునందు దప్ప ఈ భూమండలమున మరియెచ్చటను తనంతట తాను పెరుగని వృక్షమిది. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణపుటంచులు దీని నెలవులు. పొరుగున తమిళదేశపు సరిహద్దు కొండలలో కొద్దిపాటిగా కానవచ్చును. రాళ్లు తేలిన వాలులలో, మన్ను పలుచనైనచోట, ఇతర వృక్షములు నిలువలేని ఎండలలో, తిరుమాను, జాలారి మొదలగు చెట్ల సాహచర్యములో ఇది నిదానముగా పెరుగును. దీని దాయాదియైన వేగిస దక్షిణభారతమందును మధ్యభారతమందును విస్తారముగా వ్యాపించియుండగా, ఎర్రచందనము మాత్రము ఈ కొన్ని జిల్లాల కొండలకే కట్టుబడియున్నది. ఇట్టి పరిమితక్షేత్రము గల జాతులకు సహజముగానే ఒక దౌర్బల్యము కలదు: ఇక్కడ పోయినది వేరొకచోటినుండి తెచ్చుకొనుటకు వీలులేదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు ఈ వృక్షమును 1998లో అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చిరి. 2018లో దాని స్థితి కొంత మెరుగని తలచి, ప్రమాదమునకు చేరువలోనున్న జాతుల తరగతికి మార్చిరి. తిరిగి 2021లో మొదటి తరగతికే దింపిరి. మూడేండ్లలో ఒక తరగతినుండి మరియొక తరగతికి ఇట్లు ఊగులాడుట చూచి, చెట్టు స్థితి మూడేండ్లలో తలక్రిందులైనదని పాఠకుడు భ్రమపడరాదు. శతాబ్ది కాలము జీవింపగల వృక్షము విషయమున మూడేండ్లనగా ఎంత? మారినది మన గణన, మన అంచనా. ఆ తరగతులను నిర్ణయించు ప్రమాణములో ప్రధానమైనది, మూడు తరముల కాలములో పెరిగిన చెట్ల సంఖ్య ఎంతవంతు తగ్గినదనునది; సగము, అంతకు మించి తగ్గినచో ప్రమాదస్థితి యందురు. ఇది అవసరమైన లెక్కయే. కాని, మిగిలిన సగములో వంశవైవిధ్యము సగము మిగిలినదా, ముప్పాతిక మిగిలినదా, పాతికయే మిగిలినదా యనుదానికి ఆ లెక్క సమాధానము చెప్పదు. సంఖ్యయు వైవిధ్యమును ఎల్లప్పుడును కలిసి నడువవు.

వంశవైవిధ్యమనగా నేమో కొంత వివరింపవలెను. ఒక జాతికి చెందిన చెట్లన్నియు పైకి ఒకే రీతిగా కనిపించినను, ప్రతి చెట్టు కణములందలి డి.ఎన్.ఎ. పోగులలో వేలాది స్థానములయందు స్వల్పభేదములుండును. ఒకే జన్యువునకుగల ఈ రూపభేదములను యుగ్మవికల్పములందురు. ఒక వికల్పము అనావృష్టిని ఓర్చు శక్తి నీయవచ్చును. వేరొకటి చీడనెదిరించుటకు తోడ్పడవచ్చును. అనేకములకు నేడు ఏ ప్రయోజనమును కానరాకపోవచ్చును, కాని నూరేండ్లకు వాతావరణము మారినప్పుడు జాతిని నిలుపునది వానిలో నేదో ఒకటి కావచ్చును. ఈ నిధి లేని జాతి ఎట్లుండునో చూపుటకు ఆస్ట్రేలియాలోని వొల్లెమి పైన్ వృక్షము చక్కని ఉదాహరణము. సిడ్నీ నగరమునకు వాయవ్యముననున్న లోయలలో 1994లో బయల్పడిన ఆ ప్రాచీనజాతికి సహజస్థలమున పెరిగిన చెట్లు నూటికి లోబడియే యున్నవి. తొలి పరీక్షలలో వాని మధ్య జన్యుభేదమే కానరాలేదు. వేళ్లను కుళ్లించు ఒక తెగులు ఆ లోయలో ప్రవేశించునప్పటికి, దానిని ఓర్చుకొను చెట్టు ఆ గుంపులో ఒకటియైన నుండునన్న ఆశకు తావు లేకపోయినది. ఎర్రచందనము అట్టి దురవస్థకు ఇంకను చేరలేదు. చేరకుండ చూచుకొనుటకు మనకు వ్యవధియు కలదు. ఆ వ్యవధిని ఎట్లు వినియోగింతుమనునదే చర్చనీయాంశము.

ఈ వృక్షపు సంతానోత్పత్తి విధానము తెలిసికొన్నగాని దీని జన్యుస్థితి అర్థము కాదు. వేసవి మొదలైన పిమ్మట, చైత్రవైశాఖములలో, మోడువారిన కొమ్మలపై పసుపుపచ్చని పరిమళపుష్పములు గుత్తులుగా విచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు ఈ పుష్పములను నిశితముగా పరిశీలించి 2002లో ప్రకటించిన వ్యాసమును చదివినప్పుడు ఈ చెట్టు ఎంతటి నియమముతో బ్రతుకుచున్నదో తెలియును. పరాగసంపర్కమునకు ముఖ్యసాధనములు తేనెటీగలు: కొండతేనెటీగయు, పుట్టతేనెటీగయు, చిన్న తేనెటీగయు. ఒక చెట్టు పుప్పొడి ఆ చెట్టు పూవులనే సోకినచో పిందె కట్టవచ్చునుగాని, అట్టి పిందెలలో పెక్కింటిని చెట్టు తానే రాల్చివేయును. పరాయి చెట్టు పుప్పొడివలన కలిగిన కాయలను నిలుపుకొనును. సహజస్థితిలో కాయలై నిలుచు పూవులు బహుస్వల్పము; చేతితో పరాయి పుప్పొడిని సోకించినప్పుడు నిలుచునవి దానికి ఎన్నో రెట్లు. దీనినిబట్టి రెండు సంగతులు స్పష్టము. మొదటిది, ఈ చెట్టు తన వంశములో వైవిధ్యమును కాపాడుకొనుటకు సహజముగానే పూనుకొన్నది. రెండవది, సమీపమున బంధుత్వము లేని చెట్లు లేనిచో ఈ పూనిక నిష్ఫలమగును. చుట్టునున్న పెద్దచెట్లు నరకబడి ఒంటరిగా మిగిలిన చెట్టు ప్రతి వేసవియందును పూచుచునే యుండును. చూచువారికది ఆరోగ్యముగనే కానవచ్చును. కాని దానికింద మొలకెత్తదగిన విత్తనము అరుదై పోవును.

కాయ గుండ్రని బిళ్లవలె, అంచున పలుచని రెక్కతో ఉండును. లోపల ఒకటి, అరుదుగా రెండు గింజలు. చలికాలము దాటునప్పటికి కాయ పండి గాలికి దొర్లి పోవును; రెక్కయున్నను బహుదూరము పోజాలదు. గట్టి కాయలోని గింజ మొలకెత్తుట కష్టము కావుననే నర్సరీలవారు కాయలను పేడనీళ్లలో నానవేయుదురు. అడవిలో మొలిచిన మొక్కకు మొదటి వేసవియే గండము: నేలబారు మంటలలో కాండము మాడిపోవును, వేరు మాత్రము బ్రతికి, వానలకు మరల చిగుర్చును; మరుసటి వేసవి మరల మాడును. ఇట్లు కొన్ని ఏండ్లు భూమిలోపలనే బలము కూర్చుకొని, ఒక మంచి కాలమున పైకి లేచును. నరికిన మోడునుండియు, వేళ్లనుండియు పిలకలు వేయు శక్తియు దీనికి కలదు. ఈ శక్తియే దీనిని ఇంతకాలము బ్రతికించినది. కాని ఇదియే గణకులను మోసగించునదియు. ఒక వాలుపై ముప్పది కాండములు కానవచ్చినప్పుడు ముప్పది చెట్లని వ్రాసికొందుము. అవి పది మోళ్లనుండి లేచిన పిలకలైనచో వంశదృష్టితో అక్కడనున్నవి పది చెట్లే. పచ్చదనము పెరిగినదని సంతోషించునప్పుడు పెరిగినది ఆ పదింటి ఆకులు మాత్రమే కావచ్చును. కాండములను లెక్కించుటకు కన్నులు చాలును. వంశములను లెక్కించుటకు ఆకు ముక్కను ప్రయోగశాలకు పంపవలెను.

ఇక గొడ్డలి సంగతి. అడవిలో నరుకువాడు కంటికి కనిపించిన చెట్టునెల్ల నరుకడు. ఎర్రచందనపు వెల దాని చేవలోనున్నది. శాంటలిన్ అను రంగుపదార్థముతో నిండి, నీట మునుగునంత బరువై, చెదలు ముట్టని ఆ చేవ పాలిపోయిన వెలిచెక్క నడుమ ఏర్పడి బలియుటకు దశాబ్దములు పట్టును. ఒకప్పుడు ఐరోపావారు ఈ చేవను రంగుకొరకు ఓడలలో తీసికొనిపోయిరి. చైనావారు దీనితో చేయు గృహోపకరణములు రాజగృహములలో వెలసినవి. జపానీయుల షామిసెన్ అను తంత్రీవాద్యపు దండమునకు ఇదియే శ్రేష్ఠమైన దారువు. చేవలో అలలవంటి నార తేలిన దుంగకు విపణిలో వెల మరింత హెచ్చు. అట్టి చెట్లు అడవిలో అరుదు. మన ఇండ్లలో బొమ్మల కొలువునందు నిలుపు తిరుపతి చెక్కబొమ్మల జంటకు ఈ ఎరుపే అందము. కాని ఆ బొమ్మలకు కావలసినది చిన్నముక్క, దేశాంతర వర్తకమునకు కావలసినది నిలువెత్తు మాను. కనుక నరుకుడు ఎల్లప్పుడును ఏరి నరుకుటయే. నిటారుగా పెరిగినది, లావుపాటిది, చేవ నిండినది ముందు పోవును. వంకరలుపోయినది, తొఱ్ఱపడినది, గిడసబారినది మిగులును. తరువాతి తరమునకు విత్తనము పెట్టునవి ఈ మిగిలినవే. మేలైన ఒంగోలు కోడెలనన్నింటిని బేరమునకు తోలి, అమ్ముడుపోనివానిని మందలో విడిచిన కాపు పదేండ్లకు తన మందను చూచుకొన్నప్పుడు ఎట్లు విచారించునో, అడవి విషయమునను అట్లే విచారింపవలసిన దినము రాగలదు. వృక్షము ఎదుగుట నిదానము గనుక ఆ దినము వచ్చుటకు నూరేండ్లు పట్టును. కరీబియన్ ద్వీపములలో మహాగని వృక్షమునకు ఇట్టిగతి పట్టినదని అటవీశాస్త్రజ్ఞులు చిరకాలముగా చెప్పుచున్నారు: శతాబ్దములపాటు నిటారు మానులను ఏరి నరుకగా, నేడక్కడ విరివిగా కానవచ్చునవి పొట్టివి, కొమ్మలు గుబురుకొన్నవి.

ఈ వాదమునకు ఒక అభ్యంతరము కలదు; దానిని దాటవేయుట న్యాయము కాదు. చెట్టు నిటారుతనమునకు, చేవ పరిమాణమునకు, అలలనారకు కారణము జన్యువులే కానక్కరలేదు. నేల, నీరు, ఎండ, వయస్సు కూడ కారణములే. పెద్దచెట్టు అధికవయస్కమగుటచేతనే పెద్దదై యుండవచ్చును. లక్షణములో వంశమునకెంత భాగమో, స్థలమునకెంత భాగమో తేల్చుటకు సంతానపరీక్షలు చేయవలెను: తెలిసిన తల్లిచెట్ల విత్తనములను వేరువేరు స్థలములలో నాటి, వరుసలవారీగా కొలిచి పోల్చవలెను. ఎర్రచందనము విషయమున చేవ ఏర్పడువరకు వేచియుండవలెను గనుక అట్టి పరీక్ష ఒక శాస్త్రజ్ఞుని ఉద్యోగకాలమునకు మించిపోవును. కాని ఈ అభ్యంతరము నా వాదమును బలపరచుచున్నదేగాని ఖండించుటలేదు. ఏది వంశలక్షణమో తేలునప్పటికి పరీక్షింపవలసిన తల్లిచెట్లే లేకపోయినచో ఆ జ్ఞానముతో మనము చేయునదేమి? సంశయమున్నచోట తల్లిని నిలుపుకొనుటయే వివేకము.

నరుకుడువలన కలుగు రెండవ నష్టము ఇంకను సూక్ష్మమైనది. అడవి ముక్కలగుకొలది ఒక్కొక్క ముక్కలోని చెట్ల గుంపు చిన్నదగును. చిన్నగుంపులో ఏ వికల్పము తరువాతి తరమునకు పోవునో, ఏది పోదో నిర్ణయించునది యోగ్యతకన్న యాదృచ్ఛికత. ఒక ఏడు ఒక మంట, ఒక ఏడు ఒక గాలివాన. అరుదైన వికల్పములు ఒకటొకటిగా జారిపోవును. దీనిని శాస్త్రజ్ఞులు జన్యు విస్థాపనమందురు. గుంపులోనివన్నియు క్రమముగా బంధువులగుటచే అంతఃప్రజననము పెరిగి, సంతతి క్షీణించును. 1980లో ఇయాన్ ఫ్రాంక్లిన్ అను శాస్త్రజ్ఞుడు, తత్కాలమున అంతఃప్రజనన దోషమును తప్పించుకొనుటకు 50, చిరకాలము పరిణామశక్తిని నిలుపుకొనుటకు 500 సంతానకర్తలైన ప్రాణులుండవలెనని ఒక అంచనా వేసెను. ఇచ్చట గమనింపవలసినది, ఈ సంఖ్య నిలిచియున్న చెట్ల సంఖ్య కాదు; నిజముగా తరువాతి తరమునకు సమానముగా వంశము నందించుచున్నవాని సంఖ్య. సాధారణముగా ఇది కంటికి కనిపించు సంఖ్యలో చిన్నభాగము. 2022 డిసెంబరులో మాంట్రియల్ నగరమున ప్రపంచదేశములు అంగీకరించిన జీవవైవిధ్య ప్రణాళికలో వన్యజాతుల జన్యువైవిధ్యమును కాపాడుట ఒక లక్ష్యముగా చేరినది. ఒక్కొక్క జాతిలో ఈ 500ల ప్రమాణమును దాటిన గుంపులెన్నియో దేశములు నివేదింపవలెనను సూచికయు దానికి జతపడినది. భారతదేశమును ఆ ఒడంబడికలో భాగస్వామియే. రేపు ఎర్రచందనమును గూర్చి అడిగినచో, దుంగల లెక్క తప్ప మనము చెప్పగల లెక్క యేది?

కొండలమధ్య సంబంధములను కూడ చూడుడు. సిద్ధవటము వద్ద పెన్న కుత్తరమున లంకమల, దక్షిణమున పాలకొండలు. రాజంపేటనుండి రైల్వే కోడూరు వరకు శేషాచలమునకు, వెలిగొండలకు నడుమ మామిడి, అరటి, బొప్పాయి తోటలతో, రైలుమార్గముతో, రహదారితో నిండిన లోయ. తేనెటీగకు నది అడ్డు కాదు. కాని మధ్యన విడిది చేయదగిన చెట్లు లేని మైదానము అడ్డే. పూర్వము అంచుల వెంబడి అడవి కలిసియుండగా ఈ కొండనుండి ఆ కొండకు పుప్పొడి మెల్లగా ప్రయాణము చేసియుండును. ఆ ప్రవాహము తెగినచోట ఒక్కొక్క కొండ ఒక్కొక్క ద్వీపమగును. వృక్షములలో, అందును పరపరాగసంపర్కముగల దీర్ఘాయువులలో, జాతివైవిధ్యములో అధికభాగము ప్రతి గుంపులోను అంతర్గతముగనే యుండునని అమెరికాలోని హామ్రిక్ మొదలగువారి సమీక్షలు చూపినవి. దీనిని నమ్మి ఒక్క కొండను కాపాడిన చాలుననుకొనువారు కలరు. కాని బ్రెజిల్ దేశమునకా పేరిచ్చిన ఎఱ్ఱకొయ్య చరిత్ర వేరుగా చెప్పుచున్నది. అదియు చిక్కుడుకుటుంబపు వృక్షమే. అదియు ఎఱ్ఱరంగుకొరకే మొదట నరకబడినది. అదియు నేడు వాద్యముకొరకే, వయొలిను కమానుకొరకే, ప్రసిద్ధము. అట్లాంటికు తీరపు అడవిలో మిగిలిన దాని గుంపులను 1998లో డి.ఎన్.ఎ. గుర్తులతో పరీక్షించినప్పుడు, ప్రాంతమునకు ప్రాంతమునకు మధ్య గాఢమైన భేదమున్నట్లు తేలినది. ఒక్క ప్రాంతపు విత్తనముతో మొత్తము తీరమును నింపినచో ఆ భేదములు చెరిగిపోయెడివి. మన వృక్షము ఈ రెండు మాదిరులలో దేనికి దగ్గరయో కొండకొండకు పరీక్షించియే తెలిసికొనవలెను. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇరువది ఏండ్లకు పూర్వమే తొలితరము గుర్తులతో ఈ పనికి పూనుకొనిరి. నేడు అంతకు వేయిరెట్లు సూక్ష్మమైన పద్ధతులు అందుబాటులోనున్నవి; వానితో సర్వకొండలను ఒక్కటిగా చుట్టివచ్చు సర్వేక్షణము ప్రభుత్వకార్యముగా జరుగవలసియున్నది.

ఇంతలో నాటుట మాత్రము ఆగుటలేదు. ప్రభుత్వవనములలోను, రైతుల పట్టాభూములలోను లక్షలకొలది ఎర్రచందనపు మొక్కలు లేచినవి. రైతులు పెంచిన కలపను ఎగుమతి చేసికొనుటకు 2019లో కేంద్రప్రభుత్వము నిబంధనలను సడలించిన పిమ్మట ఈ ఉత్సాహము మరింత పెరిగినది. రైతుకు ఆదాయము, అడవిపై ఒత్తిడికి ఉపశమనము: ఇందులో తప్పుపట్టవలసినది లేదు. నన్ను కలవరపెట్టునది విత్తనము పుట్టుక. నర్సరీకి విత్తనము తెచ్చువాడు సహజముగానే దారిప్రక్కనున్న, సులువుగా అందు, విరగకాచిన రెండు మూడు చెట్లక్రింద ఏరును. వాని సంతానమే వేలాది ఎకరములలో వ్యాపించును. పదివేల మొక్కలకు తల్లులు మూడే యైనప్పుడు, ఆ తోట కొలతకు పెద్దదైనను వంశమునకు చిన్న కుటుంబము. అవి పూతకు వచ్చినప్పుడు, అడవి అంచుననున్న తోటలనుండి తేనెటీగలు ఆ పుప్పొడిని కొండలోనికి మోసికొనిపోవును. ఏ కొండదో తెలియని, ఏ కొద్ది తల్లులదో తెలియని వంశము అడవిలోనికి వెల్లువెత్తుటకు మనమే ద్వారము తెరచినవారమగుదుము. శేషాచలము చుట్టును పట్టా తోటలు పెరుగుచున్న ఈ కాలమున ఇది ఊహామాత్రపు భయము కాదు.

దీనికి విరుగుడుగా, విత్తనములనన్నింటిని కలిపివేయుడని కొందరు, ఏ కొండ విత్తనమును ఆ కొండదాటనీయవలదని కొందరు చెప్పుదురు. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ఉమా శంకర్, గణేశయ్యలు 1997లో ఉసిరిక వృక్షమును నిదర్శనముగా తీసికొని అటవీ జన్యునిధి అను భావనను ప్రతిపాదించిరి: ఒక జాతి సహజముగా పెరుగుచున్న, రక్షితమైన ఒక స్థలమును ఎన్నుకొని, వివిధప్రాంతముల గుంపులనుండి విత్తనములను అచటికి చేర్చి, అడవిలోనే అవి కలిసి పెరిగి పరిణమించుట కవకాశము కల్పించుట దాని సారాంశము. శీతలగృహములోని విత్తనకోశము కాలమును ఆపివేయును; ఇట్టి నిధి కాలముతో నడుచును. ఎర్రచందనమునకు ఇది మిగుల అనుకూలమని నా అభిప్రాయము. కాని బ్రెజిలు ఎఱ్ఱకొయ్యలోవలె గుంపుల మధ్య భేదము గాఢమైనచో, దూరపు కొండల వంశములు కలిసినప్పుడు స్థానికమైన సర్దుబాటు చెడి సంతతి బలహీనమగు అవకాశమును కలదు. కనుక సర్వత్ర కలుపుట కాక, నిర్ణీతమైన ఒకటి రెండు స్థలములలో మాత్రము కలిపి, మిగిలిన కొండలలో వాని వాని విత్తనమునే నాటుట మేలు. 2010లో జీవావరణ మండలముగా ప్రకటింపబడిన శేషాచలములో అట్టి స్థలమునకు కొరత లేదు. లంకమలలో లంకమల విత్తనము, వెలిగొండలో వెలిగొండ విత్తనము. ఈ నియమము పాటించుటకు గొప్ప యంత్రములక్కరలేదు, సంచిపై చీటీ అతికించు ఓపిక చాలును.

అక్రమవర్తకమునరికట్టుటకును ఇదే సర్వేక్షణము పనికివచ్చును. చేవగల దుంగనుండి డి.ఎన్.ఎ. తీయుట దుర్లభమే; ఎండిన కలపలో ఆ పోగులు తునుకలై యుండును. ఐనను చైనా అటవీ విజ్ఞాన పరిషత్తు పరిశోధకులు 2018లో, దారుసంగ్రహాలయములలో భద్రపరచిన నమూనాల సాయముతో ఎర్రచందనమును దాని సజాతీయములైన ఐదు కలపలనుండి గుర్తించు డి.ఎన్.ఎ. గుర్తుల కోశమును సిద్ధపరచిరి. ఇది అవసరమైనది ఎందుకనగా, ఆఫ్రికాలో పెరుగు ముకులా అను దాయాది కలప చూపునకు దీనిని పోలియుండి, ఆ వేషములో మోసములు జరుగుచున్నవి. ఆ జాతిని కూడ 2019లో, వన్యజాతుల అంతర్జాతీయ వర్తకమును నియంత్రించు సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధములో చేర్చవలసివచ్చినది. మన వృక్షము 1995 నుండి ఆ అనుబంధముననే యున్నది. జాతిని గుర్తించుట ఒక మెట్టు. ఏ కొండ దుంగయో చెప్పగలుగుట రెండవ మెట్టు. అడవిదో, పట్టాభూమిదో తేల్చుట మూడవ మెట్టు. రైతు కలపకు ఎగుమతి ద్వారము తెరచిన పిమ్మట ఈ మూడవమెట్టు లేక గతి లేదు. లేనిచో అడవి దుంగ రైతు దుంగ పేరుతో ఓడ నెక్కును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల వేటగాండ్ర వద్ద దొరికిన మాంసపు ముక్కనుబట్టి జంతువు జాతిని నిర్ణయించి న్యాయస్థానములకు నివేదించుచున్నది. జంతువులకు చేసినది వృక్షములకు చేయుటకు మన రాష్ట్రములలో విద్యకు కొరత లేదు. పోల్చుకొనుటకు కొండకొండనుండి సేకరించిన ఆకు నమూనాల కోశమే కొరత.

ధనము ఎక్కడిదని అడుగవచ్చును. పట్టుబడిన దుంగలను ప్రభుత్వము వేలము వేయుచున్నది. జీవవైవిధ్య చట్టము 2002లో వచ్చినది. దానిననుసరించి 2014లో వెలువడిన మార్గదర్శకములు, చందనము, ఎర్రచందనమువంటి విలువగల వస్తువుల వేలపు సొమ్ములో నూటికి ఐదుకు తక్కువకాని భాగమును ముందుగనే లాభపంపిణీకి చెల్లింపవచ్చునని పేర్కొన్నవి. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థద్వారా రాష్ట్రమునకు తిరిగివచ్చు ఈ ధనము చట్టపు ఉద్దేశమునుబట్టి ఈ వృక్షమునకును, దానిని కాపాడువారికిని చెందవలసినది. నాటిన మొక్కల సంఖ్యతో దీనిని ఖర్చువ్రాయుట సులభము. అందులో కొంతభాగము జన్యుసర్వేక్షణమునకును, తల్లిచెట్ల కాపలాకును నియతముగా కేటాయింపవలెను.

కాపలాయనగా తుపాకులు మాత్రమే కావు. 2015 ఏప్రిల్ 7న శేషాచలపు అడవిలో పోలీసు కాల్పులకు తమిళనాడునుండి వచ్చిన 20 మంది కూలీలు బలియైరి. ఆ మరణములు అడవికి మేలు చేయలేదు. కూలీల పేదరికమును సొమ్ముచేసికొనువారికి కీడును చేయలేదు. ఈ కొండలను ఎరిగినవారు, కాయపండు కాలము, చెట్టు చరిత్ర, దారులు తెలిసినవారు కొండల అంచులలోని యానాది పల్లెలలో నేడును కలరు. వారికి దినకూలి కాక, తల్లిచెట్ల సంరక్షకులుగా ఏడాది పొడుగునను జీతమిచ్చి, ఒక్కొక్క కొండలో పరస్పరము దూరముగానున్న ఏబదికి తక్కువకాని చెట్లకు సంఖ్యలు వేసి, ప్రతి చెట్టునుండియు సమానముగా కాయలు సేకరింపజేసినచో, ప్రయోగశాల ఫలితములకొరకు వేచియుండకయే నర్సరీల విత్తనదోషము చాలవరకు తొలగును. సేకరణకు కాలము స్వల్పము: కాయలు పండిన పిమ్మట, అడవిమంటలు మొదలగుటకు ముందు, కొద్దివారములు మాత్రమే. ఆ వారములలో అటవీశాఖ సిబ్బందియంతయు మంటల పనిలోనే మునిగియుందురు గనుక, ఈ పనికి వేరుగా మనుష్యులను, వేరుగా పద్దును ఈ ఏడాది చలికాలమునకు ముందే ఏర్పరుపవలెను. నర్సరీ పుస్తకములలో మొక్కల సంఖ్య ప్రక్కన తల్లిచెట్టు సంఖ్యకొరకు ఒక గడిని గీయవలెను.